పదకొండేళ్ల అమ్మాయికి గేమింగ్ పీసీ: మధ్యస్థ బడ్జెట్‌లో ఏ పార్టులు తీసుకోవాలి?

మిణుగురు | ఆదివారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదకొండేళ్లు. తన కోసం ఒక గేమింగ్ పీసీ తీసుకోవాలనుకుంటున్నాను. ఇప్పటిదాకా నా పాత ల్యాప్‌టాప్‌లోనే మైన్‌క్రాఫ్ట్, రోబ్లాక్స్ ఆడుతోంది. షేడర్లు (వెలుగునీడలను అందంగా చూపించే చేర్పులు) వేస్తే ముందుకు కదలదు. ఫోర్ట్‌నైట్ అయితే మొదలవడానికే మొరాయిస్తుంది.

బడ్జెట్ మధ్యస్థం. అన్నిటికన్నా ఖరీదైనది అక్కర్లేదు, కానీ రెండేళ్లకే మళ్లీ కొనాల్సిన పరిస్థితి రాకూడదు. అయిదేళ్లు పనికొస్తే సంతోషం. మానిటర్, కీబోర్డు, మౌస్ కూడా ఇందులోనే రావాలి.

ఒక రెడీమేడ్ పీసీ ప్రకటన చూశాను. "ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఆర్‌జీబీ క్యాబినెట్" అని ఉంది. మేం అనుకున్న డబ్బులో సగానికే వస్తోంది. తీసుకోవచ్చా? లేక పార్టులు విడిగా కొనడమే మేలా?

చల్లగాలి | ఆదివారం, సాయంత్రం 7:05

ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబరు, గ్రాఫిక్స్ కార్డు పేరు అందులో ఉన్నాయా అండి?

మిణుగురు | ఆదివారం, రాత్రి 7:50

ప్రకటనలో లేవు. అడిగితే చెప్పారు: ఐ7-4770, జీటీ 730.

చల్లగాలి | ఆదివారం, రాత్రి 8:20

అయితే వద్దండి. ఐ7-4770 అంటే ఇంటెల్ 2013లో తెచ్చిన నాలుగో తరం ప్రాసెసర్. ఉన్నవి నాలుగే కోర్లు. ఐ7 అనేది ఆనాటి వరుసలో దాని స్థానం, ఇవాళ్టి వేగం కాదు. పన్నెండో తరం ఐ3 కూడా దాన్ని సులువుగా దాటేస్తుంది. పైగా విండోస్ 11 ఆ ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పిల్లలు వాడే, రోజూ నెట్‌లో ఉండే మెషీన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోవడం చిన్న విషయం కాదు.

జీటీ 730 కార్డు 2014 నాటిది. తెర మీద బొమ్మ చూపించడానికి చేసిన కార్డు, ఇప్పటి గేములు నడపడానికి కాదు. 4 జీబీ అన్న అంకె కార్డు మీద ఎంత మెమరీ ఉందో చెబుతుంది, కార్డు ఎంత వేగమో చెప్పదు. పవర్ సప్లై పేరు కూడా రాసి ఉండరు, చూడండి.

మీ బడ్జెట్‌కు పార్టులు విడిగా తీసుకోవడమే సరైన దారి. ముందు ఇవి చెప్పండి: మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషనా, బెడ్‌రాకా? గేములు కాక ఇంకేం చేస్తుంది? పీసీ ఎక్కడ పెడతారు? బిగించేది ఎవరు?

మిణుగురు | ఆదివారం, రాత్రి 9:15

జావా ఎడిషన్. మోడ్‌లు (గేముకు బయటివాళ్లు చేసే చేర్పులు) చాలా వేస్తుంది, షేడర్ల మీద బాగా మనసు ఉంది. స్నేహితులతో ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్ ఆడాలని ఆశ. పెన్ ట్యాబ్లెట్ మీద బొమ్మలు గీస్తుంది, చిన్న చిన్న వీడియోలు ఎడిట్ చేస్తుంది. పీసీ హాల్లోనే ఉంటుంది. బిగించేది నేనే, తను కూడా చేయి వేస్తానంటోంది.

ఇంకో సంగతి. పాత ల్యాప్‌టాప్‌లో రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు, ఒక ఎం.2 ఎస్ఎస్‌డీ ఉన్నాయి. అవి కొత్తదాంట్లో వాడుకోవచ్చా?

పాతసాకెట్ | ఆదివారం, రాత్రి 9:40

ర్యామ్ పనికిరాదండి. ల్యాప్‌టాప్ డీడీఆర్4 స్టిక్‌కు 260 పిన్నులు, డెస్క్‌టాప్ దానికి 288. పొడవే వేరు, స్లాటులో కూర్చోదు. ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకం అయితే రెండో డ్రైవుగా నిక్షేపంగా వాడుకోవచ్చు, వీడియోలు పెట్టుకోవడానికి బాగుంటుంది.

తెరవెనుక | ఆదివారం, రాత్రి 10:30

అందరూ ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. నేను మానిటర్‌తో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే మిగతా పార్టులన్నీ దాన్ని బట్టే తేలతాయి.

1080పి తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 1440పిలో 36.9 లక్షలు, అంటే 78 శాతం ఎక్కువ. ప్రతి ఫ్రేములోనూ గ్రాఫిక్స్ కార్డు అంత ఎక్కువ పని చేయాలి. అమ్మాయి ఆడేవి ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్ లాంటివి. వీటిలో పిక్సెళ్ల కన్నా కదలిక సాఫీగా ఉండటం ముఖ్యం. అందుకని 24 అంగుళాల 1080పి ఐపీఎస్ ప్యానెల్, 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది) లేదా అంతకన్నా ఎక్కువ, అడాప్టివ్ సింక్ (కార్డు వేగానికి తగ్గట్టు తెర సర్దుకోవడం) ఉన్నది చూడండి. బొమ్మలు గీస్తుంది కాబట్టి ఐపీఎస్ అన్నాను. పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు.

స్టాండు ఎత్తు సర్దుకునేలా ఉంటే మంచిది. పదకొండేళ్ల పిల్ల అయిదేళ్లలో చాలా ఎదుగుతుంది, తెర కూడా దానికి తగ్గట్టు పైకి రావాలి. ఈ మాట ఎవరూ చెప్పరు కానీ మెడ నొప్పులు అక్కడే మొదలవుతాయి.

గ్రాఫుగీత | సోమవారం, ఉదయం 8:10

తెరవెనుక గారి మాట ప్రకారం 1080పి, 144 హెర్ట్జ్ అనుకుందాం. మానిటర్, కీబోర్డు, మౌస్ తీసేసి మిగిలిన డబ్బులో 35 నుంచి 40 శాతం గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించండి. ఈ తరగతిలో చూడదగ్గవి ఇవీ: ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060 (8 జీబీ), ఆర్‌టీఎక్స్ 5060 టీఐ (8 లేదా 16 జీబీ), ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ (8 లేదా 16 జీబీ), ఇంటెల్ ఆర్క్ బీ580 (12 జీబీ).

నా ఓటు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి. ఇవాళ ఆమె ఆడే గేములకు 8 జీబీ చాలు, నిజమే. కానీ అయిదేళ్లు అన్నారు. కొత్త పెద్ద గేముల్లో 8 జీబీ కార్డులు 1080పిలోనే టెక్స్చర్లు తగ్గించుకోవాల్సి వస్తోంది. ర్యామ్ తర్వాత మార్చుకోవచ్చు, కార్డు మీద మెమరీని పెంచుకునే దారి లేదు.

కొనేటప్పుడు పేరు ఒక్కటే చూడకండి. 5060 టీఐ, 9060 ఎక్స్‌టీ రెండూ 8, 16 జీబీల్లో ఒకే పేరుతో వస్తాయి. పాత కార్డుల్లో ఇది ఇంకా దారుణం. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీలో 8 జీబీ కార్డు కన్నా కోర్లే తక్కువ. ఆర్‌టీఎక్స్ 3060 8 జీబీకి మెమరీ బస్ (మెమరీకి వెళ్లే దారి వెడల్పు) 128 బిట్లు, 12 జీబీ దానికి 192. పెట్టె మీద పెద్ద అక్షరాలు ఒకేలా ఉంటాయి, లోపల కార్డు వేరు.

పాతసాకెట్ | సోమవారం, ఉదయం 9:25

గ్రాఫుగీత గారూ, రోబ్లాక్స్, మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లకు 16 జీబీ కార్డు ఎందుకండీ? ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600, డీడీఆర్4 ర్యామ్, 8 జీబీ కార్డు వేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. మిగిలిన డబ్బుతో మంచి కుర్చీ కొనొచ్చు. అయిదేళ్ల తర్వాత ఏ గేములు వస్తాయో ఇప్పుడే ఊహించి డబ్బు పెట్టడం నాకు నచ్చదు. అప్పటికి అవసరమైతే కార్డు మార్చుకుంటారు.

చల్లగాలి | సోమవారం, మధ్యాహ్నం 1:10

పాతసాకెట్ గారి మాటలో న్యాయం ఉంది కానీ లెక్క తిరగేసి చూడాలి. తర్వాత తేలిగ్గా మార్చుకోగలిగినవి ఏవి, మారిస్తే మొత్తం విప్పాల్సినవి ఏవి? ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు, గ్రాఫిక్స్ కార్డు అయిదు నిమిషాల పని. మదర్‌బోర్డు, ర్యామ్ రకం, ప్రాసెసర్ సాకెట్ మాత్రం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకటి మారిస్తే మూడూ మార్చాలి. అందుకే నేను కార్డు కన్నా ముందు ప్లాట్‌ఫామ్ మీద, అంటే ఈ మూడింటి మీద ఖర్చు పెట్టమంటాను.

5600 కూర్చునే ఏఎండీ సాకెట్ ఏఎం4. దాని ప్రయాణం 2016లో మొదలైంది, ఇప్పుడు చివరికి వచ్చింది. 5600 మంచి ప్రాసెసరే. కానీ ఆ బోర్డు మీద దాని తర్వాత ఎక్కే మెట్లు తక్కువ. దాని తర్వాతి సాకెట్ ఏఎం5కి ఏఎండీ 2027, ఆ తర్వాత కూడా సపోర్టు ఇస్తామంది. రైజెన్ 5 7600 తీసుకుంటే ఆరు కోర్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్ వస్తుంది. మూడు నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా పై ప్రాసెసర్ వేసుకోవచ్చు.

7500ఎఫ్ అని దాని తమ్ముడు ఉంది, వేగం దాదాపు అంతే. అందులో అంతర్గత గ్రాఫిక్స్ ఉండవు. నేను మాత్రం 7600 వైపే ఉంటాను. కార్డు రిపేరుకు వెళ్లినా అమ్మాయి హోంవర్క్ ఆగదు. ఏదైనా సమస్య వస్తే తప్పు కార్డుదా, మరోదానిదా అని తేల్చుకోవడానికీ పనికొస్తుంది.

పాతసాకెట్ | సోమవారం, మధ్యాహ్నం 2:00

ప్లాట్‌ఫామ్ విషయంలో ఒప్పుకుంటాను. కానీ 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో అందరికీ తెలుసు. ఏఎం5 అడిగే డీడీఆర్5 ర్యామ్ 32 జీబీ పెడితే బడ్జెట్ మొత్తం వంగిపోతుంది. ఎవరి దగ్గరైనా డెస్క్‌టాప్ డీడీఆర్4 ర్యామ్ ఇప్పటికే ఉంటే వాళ్లకు నేను ఇప్పటికీ 5600నే చెబుతాను. మిణుగురు గారి దగ్గర ఉన్నవి ల్యాప్‌టాప్‌వి కాబట్టి ఆ ప్రయోజనం లేదు.

చల్లగాలి | సోమవారం, మధ్యాహ్నం 2:30

సరిగ్గా చెప్పారు. మరి 16తో మొదలుపెడదామా, 32తోనా అన్నదే అసలు ప్రశ్న. మైన్‌క్రాఫ్ట్ పెద్ద మోడ్‌ప్యాక్ ఒక్కటే 6 నుంచి 8 జీబీ అడుగుతుంది. పక్కన బ్రౌజర్, వాయిస్ చాట్ తెరిచి ఉంటే 16 జీబీ అంచుకు వస్తుంది. డబ్బు సరిపోతే రెండు 16 జీబీ స్టిక్కులు. సరిపోకపోతే రెండు 8 జీబీ స్టిక్కులు తీసుకుని, ధరలు దిగినప్పుడు అవి తీసేసి కొత్త కిట్ వేయండి.

ఆ రెండూ ఉంచి ఇంకో రెండు పక్కన పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. ఏఎం5లో అది మంచిది కాదు. రైజెన్ 7000 ప్రాసెసర్లకు నాలుగు స్టిక్కులు పెడితే ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం డీడీఆర్5-3600 మాత్రమే. రెండు స్టిక్కులతో డీడీఆర్5-6000 హాయిగా నడుస్తుంది.

మిణుగురు | సోమవారం, రాత్రి 8:45

ఇంత ఓపికగా చెబుతున్నందుకు అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. మైన్‌క్రాఫ్ట్ జావాకు ఏఎండీ కార్డులు సరిపడవని, ఎన్‌విడియానే తీసుకోమని ఎవరో చెప్పారు. అది నిజమా?

గ్రాఫుగీత | సోమవారం, రాత్రి 9:30

ఒకప్పుడు నిజం. జావా ఎడిషన్ ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ పద్ధతి మీద నడుస్తుంది. విండోస్‌లో ఏఎండీ ఓపెన్‌జీఎల్ డ్రైవరు చాలాకాలం వెనకబడి ఉండేది. 2022 జులైలో వచ్చిన డ్రైవరుతో అది బాగా మారింది. పాత వీడియోలు చూసి చెప్పేవాళ్లు ఇంకా ఆ మాటే చెబుతున్నారు.

మైన్‌క్రాఫ్ట్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ గేమును తేలిక అనుకుంటారు. షేడర్లు లేకుండా ఆడితే భారం ఎక్కువగా ప్రాసెసర్ మీద, అందులోనూ ఒక్క కోరు వేగం మీద పడుతుంది. గేములో కనిపించే దూరం ఎక్కువ పెట్టిన కొద్దీ ప్రాసెసర్ ఊపిరాడక ఆగుతుంది. షేడర్లు వేయగానే భారం కార్డు మీదికి మారుతుంది. మోడ్‌లు ఎక్కువైతే ర్యామ్ మీదికి. అంటే ఒకే గేము మూడు పార్టులనూ పరీక్షిస్తుంది. సోడియం అనే మోడ్ వేస్తే ఫ్రేములు చాలా పెరుగుతాయి. దాంతో కలిసి షేడర్ల కోసం ఐరిస్ వేసుకోండి. ఖర్చు లేకుండా వచ్చే వేగం ఇది. పార్టులు రాకముందే ల్యాప్‌టాప్‌లో వేసి చూడమనండి.

5060కీ, 9060 ఎక్స్‌టీ 16 జీబీకీ మీ దగ్గర తేడా తక్కువగా ఉంటే రెండోదే. తేడా మరీ ఎక్కువైతే 5060తో బాధపడాల్సింది ఏమీ లేదు. అమ్మాయి ఇప్పుడు ఆడేవన్నీ అది బాగా నడుపుతుంది. వీడియో ఎడిటింగ్‌లోనూ కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎన్‌విడియా వైపు మొగ్గుతాయి. ఆర్క్ బీ580 విషయంలో మాత్రం జాగ్రత్త. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) రీసైజబుల్ బార్ అనే సెట్టింగు ఆన్‌లో ఉండాలి. ప్రాసెసర్ బలహీనంగా ఉంటే దాని వేగం మిగతా వాటికన్నా ఎక్కువ పడిపోతుంది.

రెండోచేయి | సోమవారం, రాత్రి 10:50

సెకండ్‌హ్యాండ్ మాట ఎవరూ ఎత్తలేదు. ప్రాసెసర్, క్యాబినెట్, మానిటర్ వాడినవి ధైర్యంగా తీసుకోవచ్చు. ప్రాసెసర్లు తొందరగా పాడవవు. గ్రాఫిక్స్ కార్డు అయితే ఎదురుగా గేము నడిపించి చూడాలి, ఫ్యాన్ల చప్పుడు వినాలి, తెర మీద మచ్చలు, గీతలు వస్తున్నాయేమో గమనించాలి. పవర్ సప్లై, ఎస్ఎస్‌డీ మాత్రం వాడినవి వద్దు. ఆఫీసుల నుంచి వచ్చే చిన్న సైజు పాత డెస్క్‌టాప్‌లలో కార్డు వేద్దామనుకునే వాళ్లు ఒకటి చూసుకోవాలి. చాలావాటిలో పవర్ సప్లై, దాని కనెక్టర్లు మామూలు కొలతల్లో ఉండవు. తర్వాత మార్చడం కుదరదు.

ఎనిమిదిపిన్నులు | మంగళవారం, ఉదయం 7:30

నిన్నంతా చదివాను. పవర్ సప్లై గురించి రెండు మూడు ముక్కలే వచ్చాయి! పిల్లల గదిలోనో హాల్లోనో గంటల తరబడి నడిచే పెట్టె ఇది. నేను అన్నిటికన్నా ముందు దీన్నే తేల్చమంటాను.

ముందు లెక్క. రైజెన్ 7600 గరిష్ఠంగా 88 వాట్లు లాగుతుంది. 9060 ఎక్స్‌టీ 16 జీబీ 160 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి 60 అనుకోండి. మొత్తం 310 చుట్టూ. క్షణకాలం వచ్చే ఉప్పెనలకు చోటు వదిలినా 550 వాట్లు చాలు. రేపు పెద్ద కార్డు వేస్తారు కాబట్టి 650 తీసుకోండి. 850 అక్కర్లేదు.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు పొదుపును చెబుతాయి, అంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతుందో చెబుతాయి. భద్రత గురించి అవి ఏమీ చెప్పవు. మీరు చూడాల్సింది: ఎక్కువ కరెంటు, ఎక్కువ వోల్టేజి, ఎక్కువ వేడి, షార్ట్ సర్క్యూట్ వచ్చినప్పుడు ఆగిపోయే రక్షణలు ఉన్నాయా, వారంటీ కనీసం అయిదేళ్లు ఉందా, ఎవరైనా విప్పి పరీక్షించిన రివ్యూ ఉందా. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే పవర్ సప్లై వద్దని చెప్పేయండి. అది చెడితే ఒక్కటే పోదు, పక్కనున్న పార్టులను కూడా తీసుకుపోతుంది.

ఇంకొకటి, ఇది ప్రాణం మీద ఒట్టేసి చెప్పే మాట: మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) పవర్ సప్లైల కేబుళ్లు ఒకదానివి ఇంకోదానికి పెట్టకండి. కనెక్టరు సరిగ్గా కూర్చుంటుంది, కానీ పవర్ సప్లై వైపు పిన్నుల వరుస కంపెనీని బట్టి, ఒక్కోసారి అదే కంపెనీలో మోడల్‌ను బట్టి మారుతుంది. తప్పు వోల్టేజి వెళ్లి డ్రైవులు కాలిపోతాయి.

తెరవెనుక | మంగళవారం, ఉదయం 8:05

ఎనిమిదిపిన్నులు గారి చివరి పేరాను ఈ వేదికలో ఎక్కడైనా పైన కట్టి పెట్టాలి. నూటికి నూరు పాళ్లు నిజం.

బడిపంతులు | మంగళవారం, సాయంత్రం 5:20

నేను పిల్లలకు కంప్యూటర్ చెబుతాను. పార్టుల మీద చెప్పాల్సింది మిగతావాళ్లు చెప్పేశారు. బిగించడం గురించీ, ఆ తర్వాత గురించీ నా మాట.

అమ్మాయి చేత నిజంగా పని చేయించండి, పక్కన నిలబెట్టి స్క్రూలు అందించమనడం కాదు. ర్యామ్ నొక్కడం, ఎం.2 ఎస్ఎస్‌డీ బిగించడం, ఫ్యాన్లు, క్యాబినెట్ ముందు భాగం వైర్లు, కేబుళ్లు సర్దడం పదకొండేళ్ల పిల్ల చక్కగా చేయగలదు. ప్రాసెసర్ పెట్టడం మాత్రం మీరు చేయండి. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి. వేలు తగిలి ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. క్యాబినెట్‌కు గాజు తలుపు ఉంటే విప్పి గుడ్డ మీదో అట్ట మీదో పెట్టండి, టైల్స్ నేల మీద వద్దు. గట్టిపరిచిన గాజు అంచుకు సిరామిక్ చిన్నగా తగిలినా మొత్తం ముక్కలైపోతుంది. పిల్లలు ఉన్న చోట ఇది ముందే చూసుకోవాలి.

విండోస్‌లో తనకు మామూలు యూజర్ ఖాతా ఇవ్వండి, అడ్మిన్ ఖాతా మీ దగ్గర ఉంచుకోండి. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో సమయం, కొనుగోళ్లు చూసుకోవచ్చు. రోబ్లాక్స్‌లో, ఫోర్ట్‌నైట్‌లో తల్లిదండ్రుల సెట్టింగులు వేరుగా ఉంటాయి, వాయిస్ చాట్ అక్కడే కట్టడి చేయాలి.

మోడ్‌ల విషయం తప్పకుండా మాట్లాడండి. 2023 జూన్‌లో మోడ్‌లు దొరికే కర్స్‌ఫోర్జ్ సైటులోని కొన్ని మోడ్‌లలోకే మాల్‌వేర్ చొరబడింది. అంత పేరున్న చోటే అలా జరిగిందంటే, ఎవరో వీడియో కింద పెట్టిన లింకు నుంచి దించుకోవడం ఎంత ప్రమాదమో తనకే అర్థమవుతుంది. కొత్త మోడ్ వేసే ముందు ఇద్దరూ కలిసి చూడాలని మాట తీసుకోండి. ఉచితంగా రోబక్స్ (రోబ్లాక్స్‌లో వాడే డబ్బు) ఇస్తామనే ప్రతి పేజీ మోసమేనని కూడా చెప్పండి.

హెడ్‌ఫోన్ గురించి ఒక్క ముక్క: పిల్లలకు వారానికి 40 గంటల పాటు వింటే 75 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. పెద్దలకు చెప్పేది 80. పిల్లలకు పెద్దల లెక్క సరిపోదు.

మిణుగురు | బుధవారం, రాత్రి 9:00

మీ మాటలన్నీ తనకు కూడా చదివి వినిపించాను. మోడ్‌ల సంగతి విని చాలాసేపు ప్రశ్నలు అడిగింది. ఇద్దరం కూర్చుని ఈ జాబితా వేసుకున్నాం:

ప్రాసెసర్: రైజెన్ 5 7600, దాంతో వచ్చే కూలరే
మదర్‌బోర్డు: బీ650 (ఏఎం5 సాకెట్‌ది) మైక్రో ఏటీఎక్స్ సైజు, వై-ఫై ఉన్నది
ర్యామ్: రెండు 8 జీబీ డీడీఆర్5-6000
గ్రాఫిక్స్: ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ
ఎస్ఎస్‌డీ: 1 టీబీ ఎన్‌వీఎంఈ, రెండోదిగా ల్యాప్‌టాప్ నుంచి తీసినది
పవర్ సప్లై: 650 వాట్లు, గోల్డ్, ఏడేళ్ల వారంటీ
క్యాబినెట్: ముందు జాలీ ఉన్నది, రెండు ఫ్యాన్లు దాంతోనే
మానిటర్: 24 అంగుళాలు, 1080పి, ఐపీఎస్, 165 హెర్ట్జ్

ర్యామ్ 32కి వెళ్లాలంటే కార్డు 8 జీబీకి దిగాలి. గ్రాఫుగీత గారు అన్నట్టు కార్డు మెమరీ తర్వాత పెంచలేం కాబట్టి ర్యామ్ దగ్గరే తగ్గాం. ఇందులో మార్చాల్సింది ఉందా?

పాతసాకెట్ | బుధవారం, రాత్రి 9:20

నేను 8 జీబీ కార్డు అన్నవాడినే అయినా ఈ తూకం నాకు నచ్చింది. ర్యామ్ తక్కువ, కార్డు ఎక్కువ. ఇప్పటి ధరల్లో ఇదే తెలివైన పని.

చల్లగాలి | బుధవారం, రాత్రి 9:45

మంచి జాబితా. కార్డు పొడవు, క్యాబినెట్‌లో పట్టే పొడవు మిల్లీమీటర్లలో పోల్చుకోండి. మూడు ఫ్యాన్ల మోడళ్లు కొన్ని చిన్న క్యాబినెట్‌లలో పట్టవు. రెండు ఫ్యాన్ల కార్డు మీకు చాలు. బోర్డులో ఎం.2 స్లాట్లు రెండు ఉన్నాయో లేదో చూడండి. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ (బయోస్‌ను పెన్‌డ్రైవ్ నుంచి అప్‌డేట్ చేసే) మీట ఉంటే ఇంకా మంచిది, ముందు ముందు ప్రాసెసర్ మార్చేటప్పుడు ఉపయోగపడుతుంది.

బిగించేటప్పుడు: ర్యామ్ ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెడితే రెండు, నాలుగు స్లాట్లలో. కూలర్ స్క్రూలతో వస్తుంది కాబట్టి బోర్డు మీదున్న ప్లాస్టిక్ పట్టీలు తీసేయాలి, వెనక పలక మాత్రం ఉంచాలి. కూలర్ కింద థర్మల్ పేస్ట్ ముందే పూసి ఉంటుంది, వేలు పెట్టనివ్వకండి. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్, కార్డుకు వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్ వేరు. కేబుల్ మీద పేరు రాసి ఉంటుంది, చదివి పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాల పాటు నల్లగానే ఉంటుంది. టెన్షన్ పడకండి, కంగారులో స్విచ్ ఆపకండి. డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు తనకు తానే సర్దుకునే సమయం అది. తెర వచ్చాక బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. లేకపోతే 6000 ర్యామ్ 4800లోనో 5200లోనో నడుస్తూ ఉంటుంది, ఎవరికీ తెలియదు కూడా.

తెరవెనుక | బుధవారం, రాత్రి 10:10

మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాలి, బోర్డుకు కాదు. 7600కి అంతర్గత గ్రాఫిక్స్ ఉన్నాయి కాబట్టి బోర్డుకు పెట్టినా బొమ్మ వస్తుంది, గేములు మాత్రం ఈడుస్తాయి. ఆ తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 165 హెర్ట్జ్ ఎంచుకోండి. చాలా సందర్భాల్లో అది 60 దగ్గరే ఉండిపోతుంది.

మిణుగురు | ఆ తర్వాతి ఆదివారం, సాయంత్రం 4:30

పార్టులన్నీ వచ్చాయి, బిగించడం మొదలైంది. ర్యామ్, ఎస్ఎస్‌డీలు తనే పెట్టింది. ప్రాసెసర్, కూలర్ నేను పెట్టాను. ఇప్పుడు ఒక చోట ఆగాం. క్యాబినెట్‌తో వచ్చిన ఫ్యాన్లలో ఒకటి వెనక వైపు బిగించి ఉంది, ఇంకోదాన్ని ముందు వైపు పెట్టమని పుస్తకంలో ఉంది. ఏ వైపు నుంచి గాలి వస్తుందో ఫ్యాను మీద బాణం గుర్తు లేదు. అమ్మాయి అడుగుతోంది, చూసి చెప్పడం ఎలా?

చల్లగాలి | ఆదివారం, సాయంత్రం 4:40

మోటారును పట్టుకుని ఉండే అడ్డుపట్టీలు ఏ వైపు కనిపిస్తాయో గాలి ఆ వైపు నుంచి బయటికి పోతుంది. రెక్కలు తెరుచుకుని కనిపించే వైపు నుంచి లోపలికి లాగుతుంది. ముందు ఫ్యానుకు అడ్డుపట్టీలు క్యాబినెట్ లోపలి వైపు ఉండాలి, వెనక ఫ్యానుకు బయటి వైపు. వెనకదాని వైరు బోర్డు మీద సీహెచ్‌ఏ_ఫ్యాన్ లేదా ఎస్‌వైఎస్_ఫ్యాన్ అని రాసి ఉన్న చోట పెట్టండి. సీపీయూ_ఫ్యాన్ అని ఉన్నది కూలర్‌కు వదిలేయండి.